ఇన్సూరెన్స్ లేని అమ్మానాన్నలు, అమెరికాలో కమ్యూనిటీ హెల్త్ సెంటర్లు

గ్రీన్ కార్డు మీద తల్లిదండ్రులను తెచ్చుకున్నవారు, ఉద్యోగం పోయి కంపెనీ ఇన్సూరెన్స్ ఆగిపోయినవారు, చదువు ముగించి ఉద్యోగవేటలో ఉన్న పిల్లలు నన్ను తరచూ అడిగేది ఒకటే: ఇన్సూరెన్స్ లేకుండా డాక్టరు దగ్గరికి వెళ్తే చేతి చమురు ఎంత వదులుతుంది? ఆ భయంతోనే చాలా ఇళ్లలో పెద్దవాళ్లు షుగరు మాత్రలను సగానికి తుంచి వేసుకుంటున్నారు. హైదరాబాదు నుంచి ఎవరైనా వస్తున్నారా, ఆరు నెలలకు సరిపడా మందులు తెప్పించుకుందామా అని వాకబు చేస్తున్నారు. రక్తపరీక్ష ఊసే ఉండదు. చూసినప్పుడల్లా బాధేస్తుంది. ఇన్సూరెన్స్ ఉన్నా లేకున్నా చూడవలసిన బాధ్యత ఉన్న వైద్యశాలలు ఈ దేశంలో అరవై ఏళ్లుగా ఉన్నాయి. వాటి పేరే కమ్యూనిటీ హెల్త్ సెంటర్లు.

1965లో జాక్ గైగర్, కౌంట్ గిబ్సన్ అనే ఇద్దరు డాక్టర్లు బోస్టన్‌లోని కొలంబియా పాయింట్‌లో వీటికి నాంది పలికారు. ఆ తర్వాత మిసిసిపీ రాష్ట్రంలోని మౌండ్ బయూలో మరొకటి వచ్చింది. అక్కడ తిండి లేక పిల్లలు జబ్బు పడుతుంటే డాక్టర్లు మందుల చీటీ మీద ఆహారం రాసిచ్చారు. సరుకుల డబ్బు మందుల పద్దు నుంచి కట్టారు. ఇదేమిటని పైవాళ్లు అడిగితే, పోషకాహార లోపానికి మందు ఆహారమేనని గైగర్ జవాబిచ్చారు. రోగాన్ని, రోగి బతుకును విడదీసి చూడకూడదన్న ఆ పట్టుదల వల్లే ఈ కేంద్రాలలో ఇవాళ్టికీ ఒళ్లు, పళ్లు, మనసు, మందులు కలిపి చూస్తారు. సుమారు 1,400 సంస్థలు ఏటా 3 కోట్లకు పైగా మందికి వైద్యం చేస్తున్నాయి.

డబ్బు ఎక్కడిది అన్నది తెలుసుకుంటే వీటిని వాడుకోవడం సులువవుతుంది. ప్రజారోగ్య సేవల చట్టంలోని 330వ సెక్షన్ కింద ఫెడరల్ ప్రభుత్వం గ్రాంటు ఇస్తుంది. అయితే ఆదాయంలో పెద్ద వాటా, తక్కువ ఆదాయం ఉన్నవారికి ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్స్ అయిన మెడికెయిడ్ చెల్లింపులదే. 1992లో వచ్చిన 340బి అనే ఫెడరల్ పథకం వల్ల ఈ కేంద్రాలకు మందులు తక్కువ ధరకు దొరుకుతాయి. గ్రాంటు తీసుకున్నందుకు షరతు ఏమిటంటే, డబ్బు లేదని ఎవరినీ వెనక్కి పంపకూడదు, ఫీజు ఆదాయాన్ని బట్టి తీసుకోవాలి. మన బస్తీ దవాఖానాలో మాదిరిగా అందరికీ ఉచితం కాదు. ఆదాయం ఫెడరల్ ప్రభుత్వం ప్రకటించే పేదరిక ప్రమాణానికి లోపు ఉంటే నామమాత్రపు ఫీజు, లేదా అదీ ఉండదు. ప్రమాణానికి రెట్టింపు వరకు మెట్లుమెట్లుగా రాయితీ. అది దాటితే పూర్తి ఫీజు. 2025 లెక్కల్లో ఆ ప్రమాణం ఒంటరి వ్యక్తికి ఏడాదికి 15,650 డాలర్లు, నలుగురున్న ఇంటికి 32,150.

ఇక్కడే చాలామందికి ఆశాభంగం కలుగుతుంది. కొడుకు మంచి జీతంలో ఉండి, అమ్మ అదే ఇంట్లో ఉంటే రాయితీ రాకపోవచ్చు. ఇంటి సభ్యులుగా ఎవరిని లెక్కించాలన్నది ఒక్కో కేంద్రం ఒక్కో రకంగా నిర్ణయించుకుంటుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పి అడగండి, ఆదాయం దాచవద్దు. పూర్తి ఫీజు కట్టి చూపించుకున్నా తప్పేమీ లేదు. వేరుగా ఉంటున్న తల్లిదండ్రులు, లేఆఫ్ అయిన కుటుంబాలు, గ్యాస్ స్టేషన్లలోనూ రెస్టారెంట్లలోనూ పనిచేసే మనవాళ్లు మాత్రం తప్పకుండా దరఖాస్తు పెట్టాలి. లేఆఫ్ అయినవారు నిరుటి జీతం చూసి వెనకాడవద్దు. ఇప్పటి ఆదాయం ఎలా చూపాలో కౌంటరులో అడగండి.

పెద్దవాళ్లకు ఈ దారి ఎందుకు అవసరమో చెబుతాను. గ్రీన్ కార్డు వచ్చిన ఐదేళ్ల వరకు చాలా రాష్ట్రాలలో మెడికెయిడ్ రాదు. అరవై ఐదు దాటినా, ఇక్కడ పనిచేసిన చరిత్ర లేనివారు పెద్దవాళ్ల ప్రభుత్వ ఇన్సూరెన్స్ అయిన మెడికేర్ కొనుక్కోవాలన్నా ఐదేళ్ల నివాసం ఉండాలి. ఈ ఐదేళ్లే షుగరు, బీపీ అదుపు తప్పే కాలం.

గుంటూరు నుంచి వచ్చిన ఒక పెద్దావిడను తీసుకుని నేను అలాంటి కేంద్రానికి వెళ్లాను. ఆమె చెప్పిన బాధ పంటి నొప్పి. నర్సు ముందు వేలి నుంచి చుక్క రక్తం తీసింది, మూడు నెలల సగటు షుగరు చూడటానికి. డాక్టరు చిగుళ్లు చూసి, షుగరు దిగకపోతే చిగుళ్ల వాపు తగ్గదని, వాపు తగ్గకపోతే షుగరు దిగడం కష్టమని వివరించి, పక్క గదిలోని పళ్ల డాక్టరుకు కబురు చేసింది. తర్వాత తొమ్మిది ప్రశ్నల కాగితం తీసింది. గత రెండు వారాలలో పనుల మీద ఆసక్తి తగ్గిందా, నిద్ర పడుతోందా, ఇలాంటివి. ఫోనులో తెలుగు దుబాసీ ఒక్కొక్కటీ అడుగుతుంటే ఆవిడ కాసేపు ఊరుకుని, "పొద్దున ఎనిమిదింటికి అందరూ వెళ్లిపోతారమ్మా, సాయంత్రం దాకా గోడలే" అన్నారు. డాక్టరు లేచి వెళ్లి కౌన్సిలర్‌ను వెంటబెట్టుకుని వచ్చింది, మరో రోజు రమ్మనలేదు. సమగ్ర వైద్యమంటే నేను అర్థం చేసుకున్నది ఇదే.

ఆ "మరో రోజు" వెనక కూడా డబ్బే ఉంది. కొన్ని రాష్ట్రాలలో మెడికెయిడ్ ఒకే రోజున డాక్టరు విజిట్‌కూ కౌన్సిలింగ్‌కూ విడివిడిగా చెల్లిస్తుంది, కొన్నింటిలో ఒక్కదానికే. రెండోది ఊరికే చేయాల్సి వస్తే క్లినిక్ ఎంతకాలం భరిస్తుంది? మనసు బాగోలేని మనిషిని రేపు రమ్మంటే వస్తారన్న నమ్మకం ఉండదు. చెల్లింపు నియమాలు రాసేవాళ్లు ముందు దీన్ని సరిచేయాలని నా గట్టి అభిప్రాయం. నిధులకు నిలకడ లేకపోవడం మరో బాధ. 2010 నాటి ఆరోగ్య సంస్కరణల చట్టంతో ఈ కేంద్రాలకు ఏర్పడిన ప్రత్యేక నిధిని అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ ఎప్పటికప్పుడు పొడిగించాలి. 2017 సెప్టెంబరు చివర గడువు తీరితే, 2018 ఫిబ్రవరి దాకా దీర్ఘకాల పొడిగింపు రాలేదు. అలాంటి స్థితిలో ఏ కేంద్రం ధైర్యంగా కొత్త పళ్ల డాక్టరును తీసుకుంటుంది?

వీసా సంగతి జాగ్రత్తగా చదవండి. 2025 జులైలో ఫెడరల్ ఆరోగ్యశాఖ ఈ కేంద్రాల సేవలను వలసదారులకు పరిమితులున్న ప్రభుత్వ ప్రయోజనాల జాబితాలో చేర్చింది. పలు రాష్ట్రాలు కోర్టుకెక్కాయి, ఆ రాష్ట్రాలలో అమలుకు అడ్డుకట్ట పడింది. గ్రీన్ కార్డు ఉన్నవారు ఈ మార్పు చూసి కంగారుపడనక్కరలేదు. ఎఫ్-1 (చదువు), హెచ్-1బి (ఉద్యోగం) వీసాల వారు, సందర్శక వీసా మీద వచ్చిన తల్లిదండ్రులు మాత్రం మీ రాష్ట్రంలో నేటి పరిస్థితి ఏమిటో ముందే ఫోను చేసి కనుక్కోండి. గ్రీన్ కార్డు దరఖాస్తు నడుస్తుంటే లాయరును కూడా ఒక మాట అడగండి.

వెతకడం సులువే. హెచ్‌ఆర్‌ఎస్‌ఏ అనే ఫెడరల్ సంస్థ వెబ్‌సైటులో జిప్ కోడ్ ఇస్తే దగ్గరలోని కేంద్రాలు కనిపిస్తాయి. ఫోను చేసినప్పుడే మూడు మాటలు చెప్పండి: ఇన్సూరెన్స్ లేదు, ఆదాయాన్ని బట్టి ఫీజుకు దరఖాస్తు పెడతాం, తెలుగు దుబాసీ కావాలి. దుబాసీకి మీరు పైసా కట్టనక్కరలేదు, అది మీ హక్కు. పదేళ్ల మనవడిని మధ్యలో పెట్టి నానమ్మ రోగం చెప్పించకండి. కొన్ని మాటలు ఆమె వాడి ముందు చెప్పలేదు. వెళ్లేటప్పుడు పే స్టబ్‌లు (జీతం చీటీలు) లేదా టాక్స్ రిటర్ను, ఇండియా మందుల అట్టలు తీసుకెళ్లండి. బ్రాండు పేరు ఇక్కడివారికి తెలియదు, అట్ట మీది అసలు మందు పేరే కావాలి.

ఆపరేషన్లు, గుండె డాక్టరు, స్కానింగ్ లాంటివాటికి సాధారణంగా బయటికి పంపుతారు. అక్కడ ఈ రాయితీ వర్తిస్తుందో లేదో ముందే అడగండి. పళ్ల వైద్యానికి వారాల తరబడి వేచి ఉండాల్సి రావచ్చు. ఛాతీ నొప్పి వస్తే క్లినిక్‌కు కాదు, అత్యవసర నంబరు 911కి ఫోను చేయండి. డబ్బు లేకున్నా ఎమర్జెన్సీలో పరీక్షించి ప్రాణాపాయం తప్పించాలని 1986 నాటి చట్టం ఆసుపత్రులను ఆదేశిస్తోంది. బిల్లు మాత్రం తర్వాత వస్తుంది. అందిన వెంటనే ఆసుపత్రి ఆర్థిక సహాయం దరఖాస్తు అడగండి.

చివరగా, చాలామందికి తెలియని విషయం. ఈ కేంద్రాల పాలక బోర్డులో సగానికి మించి సభ్యులు అక్కడ వైద్యం చేయించుకునేవారే కావాలని చట్టం చెబుతోంది. మనవాళ్లు ఎక్కువగా ఉండే ఊళ్లలో కేంద్రం వేళలు సాయంత్రానికి పెంచాలన్నా, తెలుగు చదివే మనిషిని కౌంటరులో పెట్టాలన్నా మాట్లాడాల్సింది ఆ బోర్డులోనే. మీ కుటుంబం అక్కడికి వెళ్తుంటే బోర్డులో ఖాళీ ఎప్పుడు వస్తుందో కౌంటరులో అడిగి, పేరు ఇవ్వండి.