సీరం నుంచి యాంటీబాడీలు: అది బ్లడ్ బ్యాంకు పని కాదు

ప్రశ్న: మా అమ్మాయి అనంతపురంలో బీఎస్సీ మైక్రోబయాలజీ ఫైనలియర్. మనిషి సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం)లోంచి యాంటీబాడీలు (రోగక్రిములతో పోరాడే ప్రోటీన్లు) వేరుచేసి శుద్ధి చేసే పనిలోకి వెళ్తానంటోంది. అది బ్లడ్ బ్యాంకు ఉద్యోగమే కదా, డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) చేయిస్తే సరిపోదా సార్?

జవాబు: సరిపోదండీ. బ్లడ్ బ్యాంకులో రక్తాన్ని పరీక్షించి, ప్లాస్మా, ఎర్రకణాలు, ప్లేట్‌లెట్లుగా విడదీసి రోగులకు పంపుతారు. మీ అమ్మాయి చెబుతున్నది ప్రోటీన్ ప్యూరిఫికేషన్. దానికి బయోకెమిస్ట్రీ గట్టిగా రావాలి.

ల్యాబ్‌లో జరిగేది ఇదీ. చల్లటి సీరంను కలియబెడుతూ అమ్మోనియం సల్ఫేట్ ద్రావణం చుక్కచుక్కగా పోస్తారు. సగం సంతృప్తత (ద్రావణంలో కరగగలిగినంత ఉప్పులో సగం) దగ్గరికి వచ్చేసరికి పాలలా తెల్లబడి యాంటీబాడీలు దిగుతాయి. గబుక్కున పోస్తే అక్కర్లేని ప్రోటీన్లూ వాటితో పాటే దిగిపోతాయి. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుగున చేరినదాన్ని కరిగించి, రాత్రంతా డయాలసిస్‌లో (ఉప్పును మాత్రమే బయటికి వదిలే సన్నని పొర సంచిలో) ఉంచి ఉప్పు పోగొడతారు. ఆపైన ప్రోటీన్-ఏ కాలమ్, అంటే యాంటీబాడీలను పట్టుకునే ప్రోటీన్ అతికించిన పూసలు నింపిన గొట్టం. ఐజీజీ (రక్తంలో ఎక్కువగా ఉండే యాంటీబాడీ రకం) దానికి అతుక్కుంటుంది, ఆల్బుమిన్ లాంటివి కిందికి కారిపోతాయి. పీహెచ్ 3 దగ్గరి బఫర్‌తో ఐజీజీని విడిపించి, వెంటనే ఆమ్లాన్ని తటస్థం చేసే ట్రిస్ కలపాలి. ఆలస్యమైతే యాంటీబాడీ దెబ్బతింటుంది. చివర రెడ్యూసింగ్ జెల్ (ప్రోటీన్ గొలుసులను విడగొట్టి బరువును బట్టి వేరుచేసే పరీక్ష) మీద 50, 25 కిలోడాల్టన్ల (ప్రోటీన్ బరువు కొలత) దగ్గర రెండు గీతలే కనిపిస్తే సరుకు శుభ్రంగా వచ్చినట్టు. రోజంతా ఒకే కాలమ్ ముందు నిలబడే ఓపిక ఉందో లేదో అమ్మాయినే అడగండి.

ఫ్యాక్టరీల్లో టన్నుల లెక్కన ప్లాస్మాను చల్లటి ఆల్కహాల్‌తో విడగొడతారు. 1940ల్లో అమెరికాలో ఎడ్విన్ కోన్ రూపొందించిన పద్ధతికి అది కొనసాగింపే. బయోసిమిలర్ (ఇప్పటికే ఉన్న బయో మందులకు సమానమైన మందులు) తయారుచేసే కంపెనీల్లో మాత్రం ప్రోటీన్-ఏ కాలమ్‌దే రాజ్యం. అందుకే ఈ పని వచ్చినవాళ్లకు ప్లాస్మా కంపెనీలే దిక్కు కాదు. హైదరాబాద్‌లో బయోటెక్ కంపెనీలుండే జీనోమ్ వ్యాలీ ఉంది, మీకు దగ్గర్లోనే బెంగళూరు ఉంది. షిఫ్టు డ్యూటీలుంటాయని ముందే తెలుసుకోండి.

ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ గానీ బయోటెక్నాలజీ గానీ చేయించండి. ఏపీ పీజీసెట్‌తో పాటు గ్యాట్-బీ (బయోటెక్నాలజీ పీజీ సీట్లకు జాతీయ ప్రవేశ పరీక్ష) కూడా రాయమనండి. దాని ద్వారా సీటొస్తే స్టైపెండ్ కూడా ఇస్తారు. కాలేజీ ఎంచుకునే ముందు సీనియర్లను ఒక్క మాట అడగండి: కాలమ్ మీ చేత నడిపించారా, దూరం నుంచి చూపించారా? వేలకు వేలు తీసుకుని రెండు వారాల్లో సర్టిఫికెట్ చేతిలో పెట్టే శిక్షణలకు నేనైతే పంపను. ఐజీజీలో ఒక ఉపరకమైన ఐజీజీ-3 ప్రోటీన్-ఏకి ఎందుకు సరిగా అతుక్కోదని ఇంటర్వ్యూలో అడిగితే ఆ సర్టిఫికెట్ జవాబు చెప్పదు.

ఇంకో పని ఇప్పుడే మొదలుపెట్టండి. మనిషి సీరం ముట్టుకునేవాళ్లకు హెపటైటిస్-బీ టీకా తప్పనిసరి అనుకోండి. వేయించకపోయి ఉంటే మొదటి డోసు ఇప్పుడు, రెండోది నెలకు, మూడోది ఆరో నెలకు. సీటొచ్చేలోపు అయిపోతుంది.