అమ్మ అడిగిన రెండో ప్రశ్న

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ నవల చదివాను. కుజగ్రహం మీద కాపురం పెట్టిన కొడుకు, కాకినాడలో అమ్మ. ఎత్తుగడ నాకు బాగా నచ్చింది. కానీ రెండో అధ్యాయంలో వాళ్ళిద్దరూ పక్కవీధిలో ఉన్నవాళ్ళలా ఫోనులో గలగలా మాట్లాడుకున్నారు. కాంతి వేగాన్ని మించిన పరికరమేదో కనిపెట్టారని ఒక్క వాక్యం రాసి దాటేశావు. కథకు ప్రాణమైన చోటును చేజేతులా వదులుకున్నావు, తల్లీ!

ఫోనులో మాట కూడా కాంతి వేగాన్ని మించి పోలేదు. ఆ కాంతికే ఇక్కడినుంచి కుజుణ్ణి చేరడానికి, రెండు గ్రహాల మధ్య దూరాన్నిబట్టి, సుమారు 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. 20 నిమిషాలు పట్టే రోజొకటి తీసుకో. అమ్మ "తిన్నావా నాన్నా?" అని అడుగుతుంది. అడిగి పప్పు దించుతుంది, తిరగమోత వేస్తుంది, దండెం మీది బట్టలు తెచ్చి మడతపెడుతుంది. 40 నిమిషాలకు "తిన్నానమ్మా" అని వినిపిస్తుంది. ఆ గొంతులో జీర ఆమె పట్టేస్తుంది. "ఒంట్లో బాగాలేదా?" అని అడిగితే, జవాబుకు మళ్ళీ 40 నిమిషాలు. ఆ ఎదురుచూపు రాయి.

పైగా కుజుడి రోజు మన రోజుకంటే దాదాపు 40 నిమిషాలు ఎక్కువ. ఇవాళ ఇద్దరికీ ఒకేసారి సాయంత్రమైతే, 18 రోజులు గడిచేసరికి అమ్మకు పొద్దుగూకే వేళ కొడుకుకు తెల్లవారుతుంది. ఆమె గోడకు రెండో గడియారం తగిలించుకుంటుందా? క్యాలెండర్ మీద గీతలు గీసుకుంటుందా? నాకు తెలుసుకోవాలని ఉంది. రాకెట్ ఇంధనం గురించి నువ్వు రాసిన పదిహేను పేజీలు ఇంత ఆత్రం కలిగించలేదు. వాటిని రెండు పేరాలకు కుదించు.

జానపదమైనా అంతే. మా అమ్మమ్మ బాలనాగమ్మ కథ చెబుతుంటే, మనుషులను రాళ్ళుగా మార్చే మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల ఒక చిలకలో ఉండేది. అంతటివాడూ ఆ చిలక మెడ విరిస్తే చస్తాడు. అందుకే మాకు భయమూ ఉండేది, ఆశా ఉండేది. ఆఖర్లో అమ్మమ్మ ఇంకో చిలకను తెచ్చి ఉంటే "ఇందాక చెప్పలేదేం?" అని లేచి కూర్చునేవాళ్ళం. నీ పన్నెండో అధ్యాయంలో ప్రాణవాయువు అయిపోతున్న సమయానికి, అంతకుముందెక్కడా లేని గది తలుపు తెరుచుకుంది. నేనూ అలాగే లేచి కూర్చున్నాను. ఆ గది ఉండాల్సిందే అయితే మూడో అధ్యాయంలోనే కొడుకు చేత ఒకసారి ఊడ్పించు.

"అంతర్గత వాయుశోధక యంత్రం" అనే పేరు కూడా తీసెయ్. రోజూ వాడే వస్తువును అక్కడ పెరిగే పిల్లలు అంత పొడుగ్గా పిలవరు. ఏ గాలిపెట్టె అనో అంటారు.

మిగతావన్నీ తర్వాత చూసుకుందాం. ముందు రెండో అధ్యాయం తిరగరాసి పంపు. రెండో ప్రశ్న అడిగాక ఆ 40 నిమిషాలూ అమ్మ ఏం చేస్తూ కూర్చుందో చదవాలి.