దాచడం తప్పా?

సందేహం: సి ప్రోగ్రామ్ కంపైల్ చేసి యూనిక్స్‌లో రన్ చేశాక "ఫలితాన్ని ఫైల్లో దాచాలి" అని ల్యాబ్ రికార్డులో రాశానండి. దాచడమంటే కనపడకుండా చేయడం, "భద్రపరచాలి" అని రాయి అన్నారు మా సార్. ఏది కరెక్టు? – ఒక ఇంజినీరింగ్ విద్యార్థిని

సమాధానం: మీ సార్ చెప్పిన అర్థం ఉందమ్మా, కాదనను, అదొక్కటే అర్థం అనుకోడం దగ్గరే పేచీ. కాగు–కాచు, తూగు–తూచు లాగా దాగు–దాచు. అమ్మమ్మ పోపులడబ్బాలో డబ్బులు దాచిందంటే ఎవరికంటా పడకూడదనీ, రేపు అక్కరకు రావాలనీ, రెండూనూ. అన్నమయ్యైతే ఏకంగా దేవుడికే చెప్పాడు, "దాచుకో నీ పాదాలకు దగ నే జేసిన పూజలివి" అని. ఆ పూజలు ఆయన పాటలే. అందులోనే ఇంకాస్త ముందుకెళ్తే, మమ్మల్ని రక్షించడానికి ఒక్క సంకీర్తన చాలు, "తక్కినవి భాండారాన దాచి వుండనీ" అంటాడు. ఎంత ధీమా చూడండి! ఆ పాటలు రాగిరేకులకెక్కి, తిరుమల గుళ్ళో సంకీర్తన భాండారంలో కొన్ని వందల ఏళ్ళు లోకానికి తెలీకుండా ఉండిపోయి 20వ శతాబ్దంలో అచ్చులోకొచ్చాయి. దాగాయి, దక్కాయి కూడా.

మీ కమాండ్ సంగతీ అంతే. ./ఏ.అవుట్ (కంపైల్ చేస్తే వచ్చే ప్రోగ్రామ్) అని కొడితే జవాబు తెరమీద పడుతుంది, పక్కన > పెట్టి ఫైల్ పేరిస్తే తెరమీద ఏమీ రాదు, అంతా ఫైల్లోకే పోతుంది, అంటే మీ సార్ అన్న కనపడకపోవడం కూడా జరిగినట్టేగా! ఎర్రర్లు మాత్రం తెరమీదే పడతాయి, వాటికి 2> కావాలి. ఇంకోటి, ప్రోగ్రామ్ మొదలవ్వకముందే షెల్ (మీరు కొట్టిన కమాండ్ చదివి నడిపించేది) ఆ ఫైల్లో పాత సరుకంతా తుడిచేస్తుంది, దాన్ని దాచడం అనడానికి నాకు నోరు రావట్లేదు. >> అయితే పాతదాని కిందే కొత్తది చేరుస్తుంది, అదీ దాచడమంటే. టీ (tee) కమాండ్‌తో తెరమీదా ఫైల్లోనూ రెండుచోట్లా వస్తుంది కాబట్టి అక్కడ "భద్రపరచు"కి ఒప్పుకుంటానేమో, చెప్పలేను.

నా కోపమంతా "ఫైలు భద్రపరచబడినది" లాంటి వాక్యాల మీద. ఎవరింట్లో మాట్లాడతారండీ అలా? దానికన్నా "సేవ్ అయింది" వెయ్యిరెట్లు నయం. రికార్డులో మార్కులేసేది సారే గనక అక్కడికి ఆయన మాటే రాసెయ్యండి, తర్వాత వీలు చూసుకుని ఈ కీర్తన ఆయనకి వినిపించండి.