కిల్టు కట్టబోయే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి,

అత్తయ్య ఆశీస్సులు. స్కాట్లాండులోని స్టిర్లింగ్‌లో జరిగే నీ పెళ్లిలో సాయంత్రం విందుకు నువ్వు కిల్టు, అదే అక్కడి మగవాళ్లు కట్టే కుచ్చిళ్ల లంగా, వేసుకుంటున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. వాడి గొంతులో గర్వం ఎంతో, కంగారూ అంతే. నాకూ అలాగే ఉంది. పిల్ల తరఫువాళ్లు అడగకముందే ఆ మాట నువ్వే అన్నావని విన్నప్పుడు, ఎదురుగా ఉంటే నీ బుగ్గ గిల్లేదాన్ని. ఆ వెంటనే తెలిసింది, కిల్టు అద్దెకు తీసుకుని, బెల్టూ మిగతా సరంజామా ఆన్‌లైన్‌లో కొనేశావని, “అత్తయ్యకు ఎందుకు శ్రమ” అన్నావని! గ్లాస్గోలో కిల్టులు కుట్టే దుకాణం వెనక గదిలో వేళ్లు వంకర్లు పోయేదాకా సూది పట్టిన అత్తయ్య ఉండగా, ఫోటో చూసి బెల్టు కొంటావా?

సరే, కొన్నావు. ఇప్పుడు విను.

కిల్టును నిలబెట్టేది బెల్టు కాదు. నడుముకు కుడివైపు రెండు, ఎడమవైపు ఒకటి, చిన్న తోలు పట్టీలు ఉంటాయి చూడు, మొత్తం బరువు వాటిదే. ఒకప్పుడు అలా కాదు. స్కాట్లాండు కొండ ప్రాంతమైన హైలాండ్స్ మనుషులు కట్టిన పెద్ద కిల్టుకు కుట్టే లేదు. పొడవాటి ఉన్ని గుడ్డకు చేత్తో కుచ్చిళ్లు పోసి, నడుము మీద బెల్టు బిగిస్తే అదే దుస్తు. రాత్రి బెల్టు తీస్తే అదే దుప్పటి. పద్దెనిమిదో శతాబ్దంలో పైభాగం పోయి చిన్న కిల్టు వచ్చింది. తర్వాత కుచ్చిళ్లు కుట్టేయడం, పట్టీలు వేయడం మొదలైంది. దాంతో బెల్టుకు పని పోయి, అందం ఒక్కటే మిగిలింది.

ఈ సంగతి మీ మామయ్యకు ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు. ఆయనతో పనిచేసే సర్జన్ గారి కూతురి పెళ్లికి పెర్త్ వెళ్లాం. మామయ్య కిల్టు మీద ఆర్గైల్ అనే పొట్టి కోటు వేసుకున్నారు, లోపల వెయిస్ట్‌కోట్ లేదు, నడుముకు వెడల్పాటి నల్ల బెల్టు, దానికి అరచేతిలో సగమంత వెండి బకిల్. చూడముచ్చటగా ఉన్నారు. విందులో హాగిస్ అనే అక్కడి మాంసం వంటకం రెండోసారి వడ్డించుకున్నారు. నేను కళ్లెర్రజేశాను, ఆయన చూడనట్టు నటించారు. తిన్నాక పొట్ట బిగిసింది. బాత్రూములోకి వెళ్లి మూడు పట్టీలూ రెండేసి రంధ్రాలు వదులు చేసి, బెల్టు మాత్రం బాగా బిగించి వచ్చారట. “బెల్టు ఉందిగా!” ఆయన ధీమా అది.

ఎనిమిది గజాల ఉన్ని, నాయనా. కుచ్చిళ్లన్నీ వెనకే కాబట్టి బరువంతా వెనకే. బెల్టు నడుము మీద కదలకుండా ఉంటుంది, దాని కింద నుంచి కిల్టు మెల్లగా జారుతుంది. స్ట్రిప్ ద విల్లో అనే నాట్యం మొదలైంది. అది నాట్యం కాదు, గిరగిర తిప్పి విసిరేయడం. రెండు చుట్లు తిరిగేసరికి మామయ్య కిల్టు వెనక అంచు పిక్కల దాకా దిగింది. ఆయన ఎడమ చేయి కోటు లోపలికి దూర్చి, పై అంచు గుప్పిట పట్టి, చెమటలు కక్కుతూ నిలబడిపోయారు.

ఆ హాలు నిండా డాక్టర్లే. కోటు లోపల ఎడమ చేయి, నుదుట చెమట, వాలిపోయిన ముఖం. ఒకాయన పరుగెత్తి వచ్చి కుర్చీ వేసి కూర్చోబెట్టి నాడి పట్టుకున్నాడు. మరొకాయన ఆయన టై విప్పాడు. అంబులెన్సుకు ఫోను చేయమని ఎవరో అరిచారు. బాగానే ఉంది మొర్రో అంటారు ఈయన. బాగుంటే లేచి నిలబడమంటారు వాళ్లు. లేస్తే ఏమవుతుందో ఆయనకు ఒక్కరికే తెలుసు! నేను వెళ్లి, నా శాలువా ఆయన నడుము చుట్టూ కప్పి, కుర్చీ వెనక మోకాళ్ల మీద కూర్చుని తడుముకుంటూ పట్టీలు బిగించాను. కుడివైపు కింది పట్టీ దొరకక ఎంత అవస్థ పడ్డానో. బిగించాక ఆయన లేచి, అందరికీ వంగి నమస్కారం పెట్టి, మళ్లీ నాట్యానికి వెళ్లారు. సిగ్గులేని మనిషి.

చాలా ఏళ్ల తర్వాత, ఆయన వంటింట్లో ఛాతీ మీద చేయి వేసుకుని నిలబడితే ముందు నేను నవ్వాను. అప్పుడు మాత్రం అది నిజం నొప్పి.

అందుకని నాయనా, బిగువుగా ఉంటే ఒక ముద్ద తక్కువ తిను. పట్టీల జోలికి వెళ్లకు. ఛాతీలో ఏదైనా అనిపిస్తే మాత్రం బిగువని సరిపెట్టుకోకుండా వెంటనే పక్కవాళ్లకు చెప్పు.

ఇక ఏ కోటుకు ఏది అన్నది. నువ్వు సాయంత్రానికి ప్రిన్స్ చార్లీ కోటు అనుకుంటున్నావట. దాని లోపల మూడు గుండీల పొట్టి వెయిస్ట్‌కోట్ ఉంటుంది. వెయిస్ట్‌కోట్ ఉంటే బెల్టు వద్దు. అద్దె దుకాణాలవాళ్లు రెండూ ఒకే సంచిలో పెట్టి ఇస్తున్నారు, కుర్రాళ్లు రెండూ వేసుకుంటున్నారు. బకిల్ ఉబ్బి వెయిస్ట్‌కోట్‌ను పైకి ఎత్తేస్తుంది, మధ్యలో తెల్ల చొక్కా తొంగిచూస్తుంది. నాకు ఒళ్లు మండుతుంది. బెల్టును సంచిలోనే ఉంచు. రాత్రి కేలీ నాట్యాలు, అంటే అందరూ కలిసి చేసే స్కాట్లాండు నాట్యాలు, మొదలై, ఉక్కపోసి కోటూ వెయిస్ట్‌కోట్ విప్పినప్పుడు పెట్టుకో. అప్పుడు కిల్టు పై అంచును కప్పి అందంగా ఉంటుంది. ఎలాగూ బూట్లూ, ముందు వేలాడే సంచి స్పోరనూ నలుపే కాబట్టి బెల్టూ నలుపే ఉండాలి. బకిల్, స్పోరన్ మీది లోహం, కోటు గుండీలు అన్నీ వెండి రంగులో ఉండాలి. ఒకటి బంగారు రంగు, ఒకటి వెండి రంగు అయితే అరువు తెచ్చుకున్నట్టు ఉంటుంది.

స్పోరన్ సంగతి. ముందువైపు వేలాడే ఆ సంచి మరీ పైకి ఉంటే పొట్ట మీద గుద్దుతుంది, మరీ కిందికి ఉంటే నడిచేటప్పుడు ఊగి పరువు తీస్తుంది. వెయిస్ట్‌కోట్ కింది అంచుకు నాలుగు వేళ్ల దిగువన ఉంచు. నాట్యం ముందు దాన్ని ఎడమ తుంటి మీదికి తిప్పుకో, అందరూ అదే చేస్తారు. వెనక గొలుసు బదులు తోలు పట్టీ ఉన్నది అడుగు. గొలుసు రాపిడికి కుచ్చిళ్లు అరిగిపోయిన కిల్టులు నా బల్ల మీదికి తెగ వచ్చేవి. మామయ్యది సీలు చర్మపు స్పోరన్, అడిగావని తెలిసింది. పెళ్లికి ఇస్తాను. పెళ్లయ్యాక అమెరికాలో మీ అక్క పెట్టే విందుకు మాత్రం తీసుకెళ్లకు. సముద్ర క్షీరదాల రక్షణకు అక్కడ 1972లో చట్టం చేశారు, సీలు చర్మం వస్తువుల్ని సరిహద్దులోనే లాక్కుంటారు. అసలు మీ నాయనమ్మ ముందు అది ఏ జంతువుదో చెప్పకు.

సాక్సులో దోపుకునే స్కీన్ డూ చాకు నా అసలు దిగులు. స్కాట్లాండులో 1995 నాటి చట్టం, జాతీయ దుస్తుల్లో భాగంగా పెట్టుకుంటే మినహాయింపు ఇస్తుంది. లండన్ విమానాశ్రయంలో తనిఖీ చేసేవాళ్లకు నీ దుస్తులతో పని లేదు. చేతి సంచిలో ఆ చాకు దొరికితే పెళ్లికొడుకు లేని పెళ్లి అవుతుంది. అద్దెకు ఇచ్చే ప్లాస్టిక్ పిడి తీసుకో, బయటికి కనిపించేది పిడి ఒక్కటే. కుడి సాక్సులో పెట్టు. పిల్లలు తిరిగే చోట నిజం చాకు ఎందుకు?

కిల్టు పిన్ను పై పొరకు మాత్రమే గుచ్చు. రెండు పొరలూ కలిపి గుచ్చితే పెద్ద అడుగు వేయగానే గుడ్డ చిరుగుతుంది. సాక్సుల ఎర్ర రిబ్బన్లు కాళ్లకు బయటివైపు ఉండాలి. బూట్ల తాళ్లను పిక్కల దాకా చుట్టకు, చీలమండ దగ్గర ముడి వేస్తే చాలు. భుజం మీద వేసే ప్లెయిడు గుడ్డా, దానికి బ్రోచీ, టోపీ, అవన్నీ వద్దు. 1822లో బ్రిటన్ రాజు నాలుగో జార్జి ఎడిన్‌బరోకు వస్తూ ఈ అలంకారాలకు 1,354 పౌండ్ల పైచిలుకు తగలేసి, పిస్తోళ్లూ కత్తులూ తగిలించుకుని, పొట్టి కిల్టు కింద గులాబీ రంగు మేజోళ్లు తొడిగాడు. ఇప్పటికీ నవ్వుతున్నారు. నువ్వు రాజువి కాదు, నీకు అంత వెసులుబాటు లేదు.

పొద్దున పీటల మీద మాత్రం పట్టుపంచె. కిల్టుతో బాసింపట్టు వేసుకుని కూర్చోవడం కుదరదు, హోమం దగ్గర వేలాడే ఉన్నీ తోలూ నాకు అసలే ఇష్టం లేదు.

ఈ ఉత్తరం చదవగానే టేపు తీసుకుని నడుము కొలువు. జీన్సు దగ్గర కాదు, బొడ్డు దగ్గర. అక్కడే కిల్టు కూర్చోవాలి, కింది అంచు మోకాలి చిప్ప మధ్యకు రావాలి. పొట్ట లోపలికి పీల్చకుండా కొలిచి, ఆ అంగుళాలు నాకు ఫోనులో చెప్పు. జీన్సు సైజు చూసి బెల్టు కొని ఉంటావు, అది పట్టదు. ఇప్పుడే చూస్తే వెనక్కి పంపి మార్చుకోవచ్చు. మధ్యాహ్నం పడుకుంటాను, నాలుగు దాటాక చెయ్యి.

మీ అత్తయ్య