చేపల చెరువు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా ఊరి చెరువులో వర్షాకాలం తర్వాత ఏడు నెలలే నీళ్లుంటాయి. మత్స్య సహకార సంఘం తరఫున ఏటా చేపపిల్లలు వదులుతున్నాం. పట్టుబడి మాత్రం వదిలిన దానికి తగ్గట్టు రావడం లేదు. తప్పెక్కడ జరుగుతోంది? – మహబూబ్‌నగర్ జిల్లా నుంచి

జవాబు: ముందు పిల్ల సైజు చూడండి. అంగుళంన్నర పిల్లను నేరుగా పెద్ద చెరువులో వదిలితే కొర్రమీను, వాలుగ, జెల్లలకు మేత అవుతుంది. చెరువు ఎండినప్పుడు గుంటల్లో, బురదలో మిగిలిన ఈ చేపలు తొలకరి నీటితో పాటే మళ్లీ లేస్తాయి, పిల్లలు వదిలే నాటికి ఆకలి మీద ఉంటాయి. 3 నుంచి 4 అంగుళాల పిల్ల అయితే చాలావరకు తప్పించుకుంటుంది. అంత పిల్ల దొరక్కపోతే చెరువు లోతట్టున దోమతెర వంటి సన్నకన్ను వలతో హాపా (నీటిలో గుంజలకు కట్టే వల తొట్టి) కట్టి, లేదా పక్కనే చిన్న నర్సరీ గుంట తవ్వి, తౌడు, వేరుశనగ చెక్క పొడి పెడుతూ నెల, నెలన్నర పెంచి వదలండి. ఏడు నెలల నీటిలో ఆ నెలన్నర పోయినట్టు అనిపిస్తుంది కానీ, బతికే పిల్లల సంఖ్య చూస్తే నష్టమేమీ ఉండదు.

రెండోది వదిలే తీరు. బండి దిగగానే సంచి కోసి నీళ్లలో పోసేస్తారు. సంచిలోని నీటికీ చెరువు నీటికీ వేడిలో తేడా ఉంటే పిల్ల అప్పుడే చావదు, రెండు రోజుల్లో చస్తుంది. అందుకే ఎవరూ గమనించరు. సంచులను మూతి విప్పకుండా 15–20 నిమిషాలు నీటి మీద తేలనివ్వండి. తర్వాత మూతి విప్పి చెరువు నీళ్లు కొద్దికొద్దిగా కలిపి, పిల్లలను వాటంతటవే బయటకు ఈదనివ్వండి. ఉదయం పూటో సాయంత్రమో నాలుగైదు చోట్ల వదలండి. బొచ్చె పైనీటిలో, శీలావతి మధ్యలో, మోసు అడుగున మేస్తాయి కాబట్టి మూడూ కలిపి వదిలితేనే చెరువులోని తిండంతా వాడుకలోకి వస్తుంది. బొచ్చె 40, శీలావతి 30, మోసు 30 శాతం చొప్పున మీ చెరువుకు సరిపోతుంది.

ఇక సంఘం కూర్చుని మాట్లాడుకోవలసిన విషయం ఒకటుంది. నీరు తగ్గాక ఒకేసారి వలలు దించి చెరువంతా ఊడ్చేస్తే, ఆ రోజు వచ్చిన వ్యాపారి చెప్పిందే ధర. జనవరి నుంచే పెద్దకన్ను వలతో ముప్పావు కిలో దాటిన చేపను విడతలుగా తీయండి. మిగిలిన చేపకు చోటూ తిండీ పెరుగుతాయి. వారానికి రెండు రోజులు గట్టు మీదే తూకం వేసి ఊరివాళ్లకు, సంఘంలోని ఆడవాళ్లు చుట్టుపక్కల సంతల్లో అమ్మేలా ఏర్పాటు చేయండి. చేప ఎంతో ఐసూ అంతే ఉండాలి. ఐసు దగ్గర పొదుపు చేస్తే మధ్యాహ్నానికి సగం ధర పోతుంది. చెరువు అడుగంటాక పూడిక మట్టిని రైతులు పొలాలకు తోలుకుంటే వచ్చే ఏడు లోతు కూడా కలిసొస్తుంది.

ప్రశ్న: మా పొలం పక్కనే చేపల చెరువు తవ్వారు. గట్టు ఊటతో మా వరి చేను ఎప్పుడూ చిత్తడిగానే ఉంటోంది, కోత మిషన్ దిగడం లేదు. చెరువు ఆపమనడం నా ఉద్దేశం కాదు. ఇద్దరికీ ఇబ్బంది లేని దారి ఉందా? – భీమవరం దగ్గరి గ్రామం నుంచి

జవాబు: ఉంది, ఆ పని చెరువు యజమాని చేయాల్సిందే. గట్టు వెలుపలి అడుగున, మీ సరిహద్దుకు ముందే, మీ చేను మట్టం కంటే లోతుగా ఊట బోదె తీసి మురుగు కాలువలో కలపాలి. ఊట ఆ బోదెలోకి దిగిపోతుంది. గట్టు కట్టేటప్పుడే మధ్యలో బంకమట్టి గోడ వేసి, అడుగడుగు మందాన మట్టి పోస్తూ దిమ్మిస చేసి ఉంటే ఊట ఇంతగా ఉండేది కాదు. ఇప్పుడైనా చెరువు ఎండగట్టినప్పుడు లోపలి వాలుకు బంకమట్టి పూత వేయించవచ్చు. ఎత్తు ఒక అడుగుకు వాలు రెండడుగులు ఉండాలి. నిటారు గట్టు ఏటా జారి పలచబడుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 నాటి ఆక్వాకల్చర్ అభివృద్ధి ప్రాధికార సంస్థ చట్టం ప్రకారం చెరువుకు లైసెన్సు ఉండాలి. మాటతో తేలకపోతే మత్స్యశాఖ కార్యాలయంలో దరఖాస్తు ఇవ్వండి. అయితే ముందు ఒక మాట ప్రయత్నించి చూడండి. మంచినీటి చేపల చెరువు నీటిలో నత్రజని, భాస్వరం ఉంటాయి. ఉప్పునీటి రొయ్యల చెరువు నీరు చేనుకు చేటు, ఇది అలాంటిది కాదు. మీ వరికి నీరు కావలసినప్పుడు ఆయన చెరువు నీరు తూము ద్వారా వదిలితే మీకు యూరియా కొంత తగ్గుతుంది, ఆయనకు నీరు మార్చుకున్నట్టూ అవుతుంది. మందులు వాడిన రోజుల్లో మాత్రం ఆ నీరు తీసుకోకండి.

ప్రశ్న: రెండు రోజులు మబ్బు పట్టింది. మూడో రోజు తెల్లవారుజామున చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరిచాయి, కొన్ని చచ్చాయి. నీళ్లు ముదురాకుపచ్చగా ఉన్నాయి. జబ్బా? – కైకలూరు నుంచి

జవాబు: జబ్బు కాదు, ఆక్సిజన్ అయిపోయింది. ఎండలో నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే నాచు పీల్చుకుంటుంది. మబ్బు రోజుల్లో ఇచ్చేది తగ్గి పీల్చేది అలాగే ఉంటుంది. అందుకే తెల్లవారుజాము 3 నుంచి 6 మధ్య చెరువులో ఆక్సిజన్ అడుగంటిపోతుంది. లీటరుకు 5 మిల్లీగ్రాములు ఉండాల్సిన ఆక్సిజన్ 3 కంటే తగ్గితే చేప ఇబ్బంది పడుతుంది. పెద్ద బొచ్చెలు ముందు పైకి తేలితే అది హెచ్చరిక.

అప్పటికప్పుడు చేయాల్సింది: ఏరియేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) వేయండి, లేకపోతే ఇంజన్‌తో చెరువు నీటినే తోడి గాలిలో చిమ్మేలా మళ్లీ చెరువులో పోయండి. కాలువలో మంచి నీరుంటే పెట్టండి. ఆ రోజు మేత, ఎరువు బంద్. చచ్చిన చేపలు తీసి గట్టుకు దూరంగా సున్నం వేసి పాతిపెట్టండి, పంట కాలువలో పారేయకండి.

ఇది మళ్లీ రాకుండా చూసేది మేత దగ్గరే. తౌడు, వేరుశనగ చెక్క నింపిన సంచులు చెరువులో కట్టిన రెండు గంటల తర్వాత చేత్తో తడిమి చూడండి. సంచిలో మిగిలి ఉంటే మర్నాడు ఆ మేరకు తగ్గించండి. మిగిలిన మేత అడుగున కుళ్లి నాచును పెంచేది, రాత్రి ఆక్సిజన్ తినేది కూడా. మోచేతి వరకు చెయ్యి నీటిలో ముంచండి. అరచెయ్యి మసకగా కనిపిస్తే నీరు సరిగ్గా ఉంది. మోచేతి దాకా వెళ్లకముందే మాయమైతే పేడ ఎరువు, మేత వారం పాటు తగ్గించి, కొంత అడుగునీరు తీసి కొత్త నీరు పెట్టండి.

ప్రశ్న: పావు ఎకరం స్థలంలో ట్యాంకులు పెట్టి, నీటిని తిప్పి వాడే రాస్ పద్ధతి చేద్దామనుకుంటున్నాం, పది మంది యువకులం. నీరు చాలా ఆదా అంటున్నారు. – నిజామాబాద్ నుంచి

జవాబు: నీటి ఆదా నిజమే. కానీ ఇందులో చెరువు చేసే పనంతా యంత్రం చేయాలి. లెక్క చూడండి: ట్యాంకులో 1,000 కిలోల చేప ఉండి, బరువులో 2 శాతం మేత వేస్తే రోజుకు 20 కిలోలు. 30 శాతం ప్రొటీన్ మేత అయితే అందులోంచి రోజూ సుమారు అరకిలో అమ్మోనియా నత్రజని నీటిలోకి వస్తుంది. దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా బయోఫిల్టర్‌లో (అవి పెరిగే వడపోత తొట్టిలో) స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ లోపు నిండా చేప వేసినవాళ్లే మొదటి నెలలో నష్టపోతారు. కొద్ది చేపతో మొదలుపెట్టి, అమ్మోనియా, నైట్రైట్ రెండూ పెరిగి తగ్గాక మాత్రమే సంఖ్య పెంచండి. నైట్రైట్ ఎక్కువైతే చేప మొప్పలు గోధుమరంగుకు మారతాయి. అప్పుడు మేత ఆపి ఉప్పు కలిపితే అందులోని క్లోరైడ్ నైట్రైట్ మొప్పల గుండా రాకుండా అడ్డుకుంటుంది.

ఈ బాక్టీరియా నీటిలోని క్షారత్వాన్ని తినేస్తుంది కాబట్టి దాన్ని 100 పీపీఎం (లీటరుకు 100 మిల్లీగ్రాములు) పైనే నిలపాలి. ఇందుకు వంటసోడా వాడతారు. అన్నిటికన్నా ప్రమాదం కరెంటు. నిండుగా ఉన్న ట్యాంకులో గాలి ఆగితే గంట కూడా పట్టదు చేప చావడానికి. దానంతటదే స్టార్ట్ అయ్యే జనరేటర్, కరెంటు పోగానే తెరుచుకునే ఆక్సిజన్ సిలిండర్ లేకుండా మొదలుపెట్టకండి. కేంద్రం 2020లో తెచ్చిన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో యూనిట్ ఖర్చుపై 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళలకు 60 శాతం రాయితీ ఉండేది. దాన్ని చూసి పరిమాణం పెంచకండి, పది మందిలో ఇద్దరు రాత్రి కాపలాకు సిద్ధమేనా అన్నది చూసుకోండి.

ప్రశ్న: కోడి వ్యర్థాలు చౌకగా దొరుకుతున్నాయి, చెరువులో పెంచే పంగాసియస్ (ఒక రకం జెల్ల) చేపకు వేయవచ్చా? – గుడివాడ నుంచి

జవాబు: వద్దు. ప్రభుత్వం నిషేధించింది, కారణమూ ఉంది. కుళ్లిన మాంసం ఆక్సిజన్‌ను లాగేస్తుంది, ఆ నీరు వదిలితే దిగువ కాలువలో ఊరివాళ్లు తాగే, వాడే నీరే చెడుతుంది. ఖర్చు తగ్గించుకోవాలంటే మేత కొలత తగ్గించే దారి చూడండి. పదిహేను రోజులకోసారి వల వేసి ఇరవై చేపలు తూచి, సగటు బరువును బట్టి మేత లెక్క వేసుకోండి. చేప కొంచెం పెరిగాక శాతం తగ్గిస్తూ రావాలి: పిల్లగా ఉన్నప్పుడు బరువులో 5 శాతం, అమ్మకానికి దగ్గరపడ్డాక 1–2 శాతం.