అల్లం టిష్యూ కల్చర్ నేర్చుకుంటే పని దొరుకుతుందా?

డిగ్రీ బయోటెక్నాలజీ రెండో ఏడు, ప్రాజెక్ట్‌కి అల్లం టిష్యూ కల్చర్ ఇచ్చారు, నాన్నేమో ముక్క మట్టిలో పెడితే మొలిచేదానికి ల్యాబ్ ఎందుకు అంటున్నారు, దీన్ని నమ్ముకోవచ్చా అని అడిగావు కదమ్మా. నాన్నగారు అడిగింది అసలైన ప్రశ్న. రేపు ఇంటర్వ్యూలో కూడా ఇదే అడుగుతారు, ముందు దీనికి జవాబు తెలుసుకో.

అల్లం పూసినా గింజ కట్టడం చాలా అరుదు, అందుకే దుంప ముక్కే విత్తనం. ఆ ముక్కతోపాటు పోయినేడాది రోగం కూడా కొత్త చేలోకి వచ్చేస్తుంది. పితియం అనే బూజులాంటి సూక్ష్మజీవి వల్ల వచ్చే దుంపకుళ్ళు గానీ, రాల్‌స్టోనియా బాక్టీరియా తెచ్చే ఎండు తెగులు గానీ పైకి బాగున్న దుంపలోనే దాక్కుని ఉంటాయి. ల్యాబ్‌లో చేసేది మొలక కొనలోంచి చిన్న ముక్క తీసి, పరీక్ష చేసి, రోగం లేదని తేలినదాన్నే పెద్ద సంఖ్యలో పిలకలు చేయడం. పరీక్ష అనే మాట మర్చిపోవద్దు, సీసాలో పెరిగినంత మాత్రాన రోగం లేనట్టు కాదు.

ఇక పని విషయానికొస్తే, మీడియా, అంటే ముక్క పెరగడానికి సీసాలో పోసే పోషకాల మిశ్రమం, కష్టమేం కాదు. మురాషిగే, స్కూగ్ 1962లో పొగాకు కణజాలం మీద పని చేస్తూ ఇచ్చిన ఎంఎస్ మీడియానే ఇక్కడా వాడతారు, లీటరుకి 30 గ్రాముల చక్కెర, పీహెచ్ 5.8 దగ్గర, 121 డిగ్రీల సెల్సియస్‌లో ఆటోక్లేవ్ (ఒత్తిడి ఆవిరితో క్రిములు చంపడం), పిలకలకి బీఏపీ, వేర్లకి ఎన్ఏఏ అనే హార్మోన్లు, చాలాసార్లు పిలకలతోపాటే వేర్లు కూడా వచ్చేస్తాయి. అల్లంతో అసలు గొడవ కంటామినేషన్, అంటే సీసాలో క్రిములు పెరగడం. మట్టిలో పెరిగే దుంప కదా, బయట ఎంత శుభ్రం చేసినా కణజాలం లోపలుండే బాక్టీరియా రెండు మూడు సబ్‌కల్చర్లు (కొత్త మీడియాలోకి మార్చడం) అయ్యాక మొక్క మొదలు దగ్గర తెల్లగా మసకగా బయటపడుతుంది, అప్పటిదాకా బాగుంది అనుకున్న బ్యాచ్ మొత్తం పారేయాల్సి వస్తుంది. అది చూసి డీలా పడకుండా ఏ దుంప నుంచి తీశాం, ఎంతసేపు స్టెరిలైజ్ చేశాం అని రిజిస్టర్ తిరగేసే ఓపిక నీకుందా? ఉంటే ఈ పని నీకు పడుతుంది.

ఉద్యోగం గురించి నిజం చెప్తాను, మొదట్లో దొరికేది లామినార్ (క్రిముల్లేని గాలి వీచే బల్ల) ముందు గంటలు గంటలు కూర్చుని పిలకలు విడదీసే పనే. చాలామంది అక్కడే ఉండిపోతారు, ఎందుకంటే సీసా అవతల ఏం జరుగుతుందో నేర్చుకోరు. సీసాలో మొక్క ఆకు మీద మైనం పొర పల్చగా ఉంటుంది, రంధ్రాలు సరిగ్గా మూసుకోవు, బయటికి తీయగానే వాడిపోతుంది, అందుకే తేమ మెల్లగా తగ్గిస్తూ హార్డెనింగ్, అంటే బయటి వాతావరణానికి అలవాటు, చేయాలి. ఇంకోటి, టిష్యూ కల్చర్ మొక్క మొదటి పంటలో దుంపలు చిన్నగా వస్తాయి, వాటిని మళ్ళీ విత్తనంగా వేసుకుంటేనే మామూలు సైజు. ఇది ముందే చెప్పకుండా రైతుకి మొక్కలు అమ్మితే మోసం చేసినట్టే అని నా అభిప్రాయం. రోగ పరీక్షలు, హార్డెనింగ్, రైతుకి ఉన్నదున్నట్టు చెప్పడం, ఈ మూడూ వచ్చినవాళ్ళు ప్రొడక్షన్‌లో గానీ క్వాలిటీలో గానీ నర్సరీలో గానీ పైకి వెళ్తారు. రీసెర్చ్ ఇష్టమైతే ఎంఎస్సీ చేసి, ఈ లోపలి బాక్టీరియా మీదో, కాలస్ (ఆకారం లేని కణాల ముద్ద) దారిలో వచ్చే మొక్కల్లో కనిపించే తేడాల మీదో పని చేయొచ్చు, చేయాల్సింది చాలా ఉంది.

కాబట్టి ప్రాజెక్ట్ తీసుకో. కానీ మీ గైడ్‌ని ఇప్పుడే రెండు అడుగు, మొక్కలు కుండీల్లోకి వెళ్ళేదాకా టైమ్ ఇస్తారా, బాక్టీరియా పరీక్ష నాతో చేయిస్తారా అని. సీసాల ఫోటోలతో ఆపేద్దాం అంటే మాత్రం సెలవుల్లో ఏదైనా నర్సరీ హార్డెనింగ్ షెడ్‌లో ఇంటర్న్‌షిప్ వెతుక్కో, జీతం ఇవ్వకపోయినా సరే. నాన్నగారిని కూడా ఒకసారి అక్కడికి తీసుకెళ్ళి చూపించు.