అత్తయ్య తుడిచేసిన మిగ్

ప్రశ్న: బెంగళూరు కగ్గదాసపురలో రెండు పడకగదుల ఫ్లాట్ మాది. మావారికి ప్లాస్టిక్ విమానాల కిట్లు అతికించి రంగులు వేయడం పిచ్చి. నాలుగు నెలలు రాత్రుళ్లు కూర్చుని 1/48 స్కేల్ (అసలు దానిలో నలభై ఎనిమిదో వంతు) మిగ్-21 యుద్ధవిమానం పూర్తిచేసి టీవీ పక్క అరలో పెట్టారు. ఒంగోలు నుంచి వచ్చి మా దగ్గరుంటున్న అత్తయ్య, దానికి మసి పట్టిందనుకుని అద్దాలు తుడిచే స్ప్రే కొట్టి తుడిచేశారు. మూడు వారాలుగా తల్లీకొడుకుల మధ్య మాటల్లేవు. ఆవిడ ఊరెళ్లిపోతానంటున్నారు. కొత్త కిట్ కొనిస్తే సర్దుకుంటారా? నేనెవరి పక్షాన మాట్లాడాలి? అన్నట్టు, ఆయన వంటింటి పక్క యుటిలిటీలో కొట్టే రంగుల వాసనకి అత్తయ్య రాత్రుళ్లు దగ్గుతున్నారు కూడా.
- ఓ కోడలు

జవాబు: కొత్త కిట్ కొనకండి. అందులో వచ్చేవి మళ్లీ ఫ్రేముకు అంటుకున్న ముక్కలే. మీవారికి పోయింది ఆఖరి దశలో చేసిన పని. అదీ మొత్తం పోయి ఉండదు.

ఆ మసి ఏమిటో ముందు మీరు తెలుసుకోవాలి. రోజూ ఎగిరే యుద్ధవిమానం శుభ్రంగా ఉండదు. మిగ్-21 పొట్ట కింద 23 మి.మీ. తుపాకీ దగ్గర పొగచూరు ఉంటుంది. హైడ్రాలిక్ నూనె గాలి వాలున వెనక్కి సాగి చారలు కడుతుంది. సిబ్బంది కాళ్లు పడే రెక్క మొదట్లో రంగు అరిగిపోతుంది. ఇవన్నీ మోడల్ మీద చేత్తో తేవాలి. నిగనిగలాడే గ్లాసీ వార్నిష్ మీద నీళ్లలా పలచన చేసిన ఎనామిల్ రంగు వాష్‌ను ప్యానెల్ గీతల్లోకి, అంటే రేకుల అతుకుల గాడుల్లోకి, పారించి, అరగంట ఆగి, ఆ రంగును కరిగించే వైట్ స్పిరిట్‌లో ముంచి పిండేసిన దూదిపుల్లతో ముక్కు నుంచి తోక వైపుకే తుడుస్తారు. తోక గొట్టం చుట్టూ మసి పొడి అద్దుతారు. ఇంత పాటూ అది నిజంగా మురికిలా కనబడాలనే. అత్తయ్య కంటికి మురికే కనబడిందంటే పని బ్రహ్మాండంగా కుదిరినట్టు! ఈ మాట మీవారితో తప్పకుండా అనండి, కాకపోతే కోపం కాస్త తగ్గాక.

తప్పు సంగతికొస్తే, అడగకుండా తుడవడం ఆవిడ పొరపాటు. కానీ రోజూ గుడ్డ తగిలే అరలో, మూత లేకుండా, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా పెట్టింది ఆయన. అది తుడవకూడనిదని ఆయనకు తెలుసు, ఆవిడకు తెలియదు. మీరు ఎవరి పక్షమూ తీసుకోనక్కర్లేదు, ఒకరి మాట ఇంకొకరికి మోయనూ వద్దు. ఒక సాయంత్రం మీవారితో కలిసి టేబుల్ లైటు కింద ఆ విమానాన్ని పెట్టి, ఏది పోయిందో, ఏది మిగిలిందో చూడండి. ఆయన ఈపాటికి దాన్ని సరిగ్గా చూసి కూడా ఉండరు.

మసి పొడి, వాష్ మాత్రమే పోతే రెండు సాయంత్రాల పని. అయితే అలాంటి స్ప్రేలలో చాలావాటికి ఆల్కహాలో అమ్మోనియానో ఉంటుంది, అది యాక్రిలిక్ రంగును లేపేస్తుంది. ప్రైమర్ (రంగు కింద వేసే తొలి పూత) బయటపడిన చోట అంచును 2000 నంబరు వాటర్ పేపర్‌తో మెట్టు తెలియకుండా రుద్దాలి. రంగు ఒక వంతుకు థిన్నర్ రెండు వంతులు కలిపి, 12-15 పీఎస్ఐ గాలి ఒత్తిడి మీద పల్చటి పొరలుగా, గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్‌తో కొట్టాలి. ఒకేసారి దట్టంగా కొడితే కారుతుంది, మరీ దూరం నుంచి కొడితే రంగు గాల్లోనే ఆరి గరుకుగా పడుతుంది. వాయుసేన గుర్తైన మూడు రంగుల చక్రం డెకాల్ (నీళ్లలో నానబెట్టి అతికించే బొమ్మ) చిరిగి ఉంటే, కొత్తది గ్లాసీ వార్నిష్ వేసి ఒక రోజు ఆరాకే అతికించాలి. మెరుపు లేని గరుకు మ్యాట్ పూత మీద పెడితే కింద గాలి చిక్కుకుని తెల్లగా మెరుస్తుంది. చివరి మ్యాట్ పూత లాకర్ రకం (ఘాటు థిన్నర్ కలిపే వార్నిష్) అయితే వాన పడే సాయంత్రం వద్దు, తేమకు పాలు ఒలికినట్టు తెల్లబడుతుంది. ముక్కు మీది సన్నటి పిటాట్ గొట్టం (విమాన వేగం కొలిచేది) విరిగే ఉంటుంది. ఇంజెక్షన్ సూదిని మొన తీసేసి, కొలతకు కోసి పెట్టుకోవచ్చు, కానీ మిగతా పనంతా అయ్యాకే అతికించాలి.

అత్తయ్యకు వివరించాల్సింది కొడుకే. "అమ్మా, నీకు చెప్పకుండా అక్కడ పెట్టడం నా తప్పు" అని మొదలుపెడితే ఆవిడ ప్రయాణం దాదాపు ఆగినట్టే. 1963 నుంచి వాయుసేనలో ఉన్న మిగ్-21లను 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో సాగనంపారు. అవి ఎగురుతున్న రోజుల నాటి ఫోటో ఒకటి ఫోనులో పెద్దది చేసి, పొట్ట కింది మరకలు చూపించమనండి. దగ్గరే కదా అని హెచ్ఏఎల్ (విమానాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ) మ్యూజియానికి మాత్రం తీసుకెళ్లొద్దు. ప్రదర్శనకు పెట్టే విమానాలకు శుభ్రంగా రంగు వేసి ఉంచుతారు, ఆవిడ వాదనే గెలుస్తుంది.

ఈలోగా యాక్రిలిక్ షీట్లు కోసే షాపులో లోపలి కొలత 40 × 20 × 15 సెం.మీ. ఉండేలా అడుగు లేని పెట్టె ఒకటి చేయించండి. ఈ స్కేల్‌లో మిగ్ సుమారు 33 సెం.మీ. పొడవే. పైనుంచి బోర్లిస్తే చాలు, ఆ పెట్టెను ఆవిడ ఎంత తుడిచినా విమానానికి ఏమీ కాదు.

మమ్మల్ని ఎక్కువ కలవరపెట్టింది మీరు "అన్నట్టు" అంటూ చివర్లో రాసిన దగ్గు. థిన్నర్ ఆవిరి ఊపిరికి మంచిది కాదు, పైగా ఇట్టే అంటుకుంటుంది. యుటిలిటీ పక్కనే గ్యాస్ పొయ్యి ఉంటుంది, దేవుడి దీపం కూడా ఎంతో దూరంలో ఉండదు. స్ప్రే చేసేటప్పుడు రెండూ ఆర్పేసి, వంటింటి తలుపు మూసి, గాలిని గొట్టంతో కిటికీ బయటికి పంపే స్ప్రే బూత్ వాడాలి. పని అయ్యాకా అరగంట ఆడించాలి. ఎన్95 మాస్కు తుంపరలను ఆపుతుంది గానీ ఆవిరిని ఆపదు, ఆవిరిని పీల్చుకునే ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కే కావాలి. అది మీవారికి మాత్రమే రక్షణ. కాబట్టి నీళ్లతో పలచన చేసే యాక్రిలిక్ రంగులకు మారి, అత్తయ్య పడుకునే వేళకు ముందే పని ముగించమనండి. ఆ తర్వాత కూడా దగ్గు రెండు వారాలు దాటితే రంగుల మీదికి నెట్టేయకుండా ఛాతీ వైద్యుడికి చూపించండి.